వేల్స్ బొగ్గు లోయల్లో ఒక రోజు నడక: బ్లైనావన్, డేర్ వ్యాలీ, సెంగెనిద్, ఏది మేలు?

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చే నెలలు మొదలైతే చాలు, కార్డిఫ్‌లో ఉండే మనవాళ్ళు నన్ను అడిగేది ఒకటే. కోట చూపించాం, బీచ్ చూపించాం, ఇక ఇక్కడి పాత బొగ్గు లోయల్లో ఎక్కడైనా ఒక రోజు చుట్టి రావాలి, కారు పెట్టిన చోటికే తిరిగి చేరాలి, ఎటు వెళ్దాం అని. అడిగేవాళ్ళలో గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం పిల్లలు ఎక్కువ. నేనూ గోదావరిఖనివాడినే. మా బాపు సింగరేణిలో 31 ఏళ్ళు అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. పోయిన వేసవిలో ఆయన ఇక్కడ ఉన్నప్పుడు మూడు చోట్లా నడిచాం, అందుకే ఇప్పుడు చెప్పగలను.

మొదట డేర్ వ్యాలీకి వెళ్ళాం. కారు లేనివాళ్ళకు ఇదే సులువు, కార్డిఫ్‌లో రైలెక్కితే గంటలో అబర్‌డేర్‌లో దిగొచ్చు, అక్కడి నుంచి పార్కు దాకా నడిచినా పోవచ్చు. గనులు మూతపడ్డాక ఆ నేలను బాగుచేసి 1973లో కంట్రీ పార్కుగా తెరిచారు. చెరువుల పక్కనుంచి లోయ చివరిదాకా పోయి, టారెన్ అ బుల్వా అనే పెద్ద కొండచరియ కింద తిరిగి వెనక్కి రావచ్చు, ఆగుతూ నడిచినా రెండు మూడు గంటల పని. దారి బాగుంటుంది, కేఫ్ ఉంది, టాయిలెట్లున్నాయి, తోపుడు బండిలో పసిపిల్లను పెట్టుకుని వచ్చినవాళ్ళు కూడా చెరువు చుట్టూ హాయిగా తిరగొచ్చు. ఎండ ఉన్న రోజున ఇంత అందమైన లోయ ఈ చుట్టుపక్కల లేదనిపిస్తుంది.

అయితే గంటసేపు నడిచాక బాపు ఆగి అడిగాడు, "బాయి ఏదిరా?" అని. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు.

నా దగ్గర జవాబు లేదు. ఇక్కడే ఉండేది, ఇప్పుడు గడ్డి మొలిచింది అన్నాను. ఆయన చుట్టూ చూశాడు, చెట్లు, నీళ్ళు, గొర్రెలు. మట్టిగుట్టల మీద పచ్చదనం తేవడం మామూలు పని కాదు, పైనుంచి తవ్వే మన ఓపెన్‌కాస్ట్ గనుల గుట్టలు చూసినవాళ్ళకు దాని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. కానీ బొగ్గు లోయ చూద్దామని ఊరి నుంచి వచ్చిన మనిషికి బొగ్గు తాలూకు ఆనవాలు ఏమీ దొరకకపోతే అది ఏ కొండ అయినా ఒకటే. నా మటుకు నాకు దూరం, ఎత్తు, వ్యూ కంటే ఈ ఒక్క విషయమే ముఖ్యం: నడిచే దారిలో గని కనిపించాలి. డేర్ వ్యాలీకి వెళ్తే ఒక్క కథ మాత్రం పెద్దవాళ్ళకు తప్పకుండా చెప్పండి. అక్కడికి దగ్గర్లోనే, హిర్వైన్ పక్కన, టవర్ కాలరీ అనే బొగ్గు గని ఉండేది. ప్రభుత్వం మూసేశాక కార్మికులు ఉద్యోగం పోయినందుకు తమకొచ్చిన పరిహారంలోంచి తలా 8,000 పౌండ్లు వేసుకుని 1995లో ఆ గనిని తామే కొనుక్కున్నారు, బొగ్గు అయిపోయేదాకా, అంటే 2008 జనవరి దాకా, నడిపించారు. ఈ మాట విన్నాక బాపు దారంతా దాని గురించే అడుగుతూ వచ్చాడు.

బ్లైనావన్ సంగతి వేరు. ఊరి పైనే బిగ్ పిట్ అనే పాత బొగ్గు గని ఉంది. 1980లో బొగ్గు తీయడం ఆపేసి, 1983లో మ్యూజియంగా తెరిచారు, 2000లో ఆ ప్రాంతమంతా ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. కేజ్‌లో, అంటే గని లిఫ్టులో, 90 మీటర్లు కిందికి దింపుతారు. దింపే ముందు ఫోన్, వాచీ, లైటర్, బ్యాటరీ ఉన్నది ఏదైనా సరే తీసి ఇచ్చేయాలి, తలకు క్యాప్ ల్యాంప్, నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్, అంటే విషవాయువు వస్తే ఊపిరి తీసుకోవడానికి వాడే పరికరం, కడతారు. ఎవరూ చెప్పకుండానే బాపు బెల్టు తనే బిగించుకున్నాడు, పదేళ్ళ తర్వాత కూడా చేతులు మరిచిపోలేదు. కింద మనల్ని నడిపించేది గనుల్లో పనిచేసినవాళ్ళే. బొగ్గు మోసే చిన్న బండిని మనం టబ్బు అంటాం, వాళ్ళు డ్రామ్ అంటారు. గుర్రాలను కట్టేసిన కొట్టాలు భూమి లోపల అలాగే ఉన్నాయి. ఒక చోట అందరి దీపాలూ ఆర్పమన్నారు, పిల్లలు అమ్మల చేతులు పట్టుకున్నారు. దీపాలు వెలిగేసరికి బాపు కర్రతో పైకప్పు తట్టి, అది గట్టిగా ఉందో లేదో తెలుసుకోవడానికి చెవి పెట్టి చప్పుడు వింటున్నాడు. గైడ్ అది చూసి నవ్వి, తనూ పక్కన ఇంకోచోట తట్టి చూపించాడు. ఒకరి భాష ఒకరికి రాదు. పైకి వచ్చేదాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు, నా అవసరం పడలేదు.

పైకి వచ్చాక చేసే నడక కూడా ఆ గనికి కొనసాగింపులాగే ఉంటుంది, నాకు నచ్చిందే అది. ఐరన్ మౌంటెన్ ట్రైల్ మొత్తం దాదాపు 19 కిలోమీటర్లు, అంతా ఒక్క రోజున చేయక్కర్లేదు, రెండు చుట్లుగా విడగొట్టుకోవచ్చు. ఉత్తరం వైపు చుట్టు తీసుకోండి. గార్న్ లేక్స్ నుంచి పూల్ డీ మీదుగా, బ్లోరెంజ్ కొండ పక్కనుంచి, కీపర్స్ పాండ్ దాకా వచ్చి తిరిగి దిగుతుంది. అక్కడ హిల్స్ ట్రామ్‌రోడ్ అని గుర్రాలు బండ్లు లాగిన పాత దారి ఉంటుంది, పట్టాలు పోయాయి కానీ వాటిని బిగించిన రాళ్ళు, రాళ్ళలో బెజ్జాలు ఇంకా ఉన్నాయి. ఇక్కడి ఇనుము ఆ దారినే కొండ దాటి కాలువలో పడవల దాకా పోయేది. 1789లో మొదలైన కొలుములు ఊళ్ళోనే నిలబడి ఉన్నాయి. బొగ్గు, ఇనుము, దారి, కాలువ, అన్నీ కాళ్ళతో నడిచి తెలుసుకోవచ్చు.

లోపాలూ ఉన్నాయి. రైలు లేదు, న్యూపోర్ట్ దాకా రైల్లో వచ్చి బస్సెక్కాలి. పైన గాలి చాలా ఎక్కువ, జూన్‌లో కూడా బాపుకు మంకీ క్యాప్ పెట్టాల్సి వచ్చింది. పొగమంచు కమ్మితే బ్లోరెంజ్ వైపు వెళ్ళొద్దు. మీటరు కంటే పొట్టి పిల్లలను కిందికి దింపరు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గని చూసి గార్న్ లేక్స్ చుట్టూ తిరిగొస్తే చాలు.

సెంగెనిద్‌ను వీటితో పోల్చాలని లేదు. 1913 అక్టోబర్ 14 ఉదయం యూనివర్సల్ కాలరీలో పేలుడు జరిగి 439 మంది కార్మికులు, కాపాడబోయిన ఒకరు చనిపోయారు. బ్రిటన్‌లో అంతకంటే పెద్ద గని ప్రమాదం లేదు. అదే గనిలో 1901లో 81 మంది పోయారు. 1913 ప్రమాదం తర్వాత మేనేజరుకు 24 పౌండ్లు, కంపెనీకి 10 పౌండ్లు జరిమానా వేశారు. కొండ మీదుగా చుట్టి రావడానికి దారులున్నాయి, మేం మాత్రం స్మారకం దగ్గరే ఉండిపోయాం. చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక పలక ఉంది. బాపుకు ఇంగ్లీషు రాదు, అంకెలు చదవగలడు, వయసులే చదువుకుంటూ పోయాడు. పద్నాలుగు అని ఉన్నచోట ఆగాడు. షికారు కోసం అక్కడికి వెళ్ళకండి, వెళ్తే దాని కోసమే వెళ్ళండి.

క్లిడక్ వేల్ చెరువు గురించి కూడా అడుగుతున్నారు, అది సాయంత్రం గంట నడకకు సరిపోతుంది.

పసిపిల్లలుంటే, కారు లేకపోతే డేర్ వ్యాలీకి వెళ్ళండి. మిగతా అందరికీ బ్లైనావనే. ముందు గనిలోకి దిగండి, తర్వాత కొండెక్కండి, ఎందుకంటే సాయంత్రం కాకముందే కిందికి దింపడం ఆపేస్తారు. టూర్ టికెట్, సమయాలు బయల్దేరేముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోండి. పెద్దవాళ్ళకు మందపాటి స్వెటర్ తప్పనిసరి, జూలై అయినా సరే.