ఎనిమిదేళ్లు ఉప్పుగాలిలో తిప్పిన 4 బై 5 మడత కెమెరా

మాది శ్రీకాకుళం. ఫీల్డ్ కెమెరా, అంటే 4 బై 5 అంగుళాల ఫిల్ము షీట్లు వాడే, మడిచి మోసుకెళ్లే పెద్ద కెమెరా, చెక్కది కొనాలా మెటల్‌ది కొనాలా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, మన తీరంలో తిప్పేటట్టయితే మెటలే, కానీ దానికన్నా ముందు బెల్లోస్, అదే లెన్స్‌కీ ఫిల్ముకీ మధ్య ఉండే మడతల తిత్తి, చూడండి.

నేను మొదట చెక్కదే కొన్నా. ముచ్చటగా ఉంటది, తేలిక, సాలిహుండం కొండెక్కినా భుజం నొప్పి తెలిసేది కాదు. రెండు వానాకాలాలయ్యేసరికి ఫోకస్ కోసం లెన్స్ జరిగే పట్టాలు ఉబ్బిపోయి ఫోకస్ నాబ్ తిప్పితే ఒకపక్క కదిలి ఇంకోపక్క ఆగిపోయేది, ఎండాకాలం వస్తే మళ్లీ లూజు. అమ్మేసి జపాన్‌లో చేసిన సెకండ్ హ్యాండ్ మెటల్‌ది తీసుకున్నా. లెన్స్‌తో కలిపి మూడు కిలోల పైమాటే, మోయడం కష్టమే, కాదన్ను. కానీ బెడ్ (ముందు మడిచి ఉండే పలక) దించి ముందు స్టాండర్డ్ (లెన్స్‌ని పట్టుకునే చట్రం) లాగి లాక్ వేస్తే ఇప్పటికీ టక్‌మని కూర్చుంటది. విజయనగరం గంటస్తంభం తీసేటప్పుడు కెమెరాని పైకి వంచకుండా ఆ స్టాండర్డ్ ఒక్కటే పైకి జరిపితే స్తంభం వెనక్కి వాలకుండా నిటారుగా వచ్చింది. కాకపోతే లెన్స్ కవరేజీ, అంటే అది ఫిల్ము మీద వేసే వెలుగు వృత్తం, చాలాలి, లేకపోతే మూలలు నల్లబడతాయి.

కళింగపట్నంలో ఒకసారి నల్లగుడ్డ కప్పుకుని ఫోకస్ చేస్తుంటే వలలు బాగుచేసుకుంటున్న తాత వచ్చి "ఆ గుడ్డ కింద ఏటి సేత్తన్నావు బాబూ" అన్నాడు, చూడమన్నా, వెనక ఫోకస్ చూసుకునే గరుకు గాజు (గ్రౌండ్ గ్లాస్) మీద పడవలన్నీ తలకిందులు, "సంద్రం బోర్లా పడిపోనాదేటి" అని ఒకటే నవ్వు. ఆరోజు తీసిన ఆరు షీట్లలోనూ ఒకే చోట బూడిదరంగు మచ్చ!

ఫిల్ము కడిగే డెవలపర్ మందుని తిట్టుకున్నా, ఫిల్ము షీట్లు పెట్టే హోల్డర్లని తిట్టుకున్నా. రాత్రి గదిలో లైట్లార్పి లెన్స్ బోర్డు (లెన్స్ బిగించిన పలక) తీసి లోపల టార్చి పెడితే అప్పుడు కనిపించాయండీ, బెల్లోస్ మడతల మూలల్లో చిల్లుల్లోంచి సన్నగా రెండు వెలుతురు చుక్కలు. మూసి తెరిచినప్పుడల్లా అరిగేది ఆ మూలలే మరి. నల్ల ఫ్యాబ్రిక్ పెయింట్ పూస్తే ఏడాది లాగింది, తర్వాత బెల్లోస్ మార్పించక తప్పలేదు. ఎండలో కారు డిక్కీలో వదిలేసే అలవాటు కూడా అప్పుడే మానుకున్నా, ఆ వేడికి బెల్లోస్ బంక వదిలేస్తది. లెన్సులకి ఫంగస్ పట్టకుండా సిలికా జెల్ వేసిన స్టీలు డబ్బా, అంతే.

సెకండ్ హ్యాండ్‌ది చూడ్డానికెళ్తే జేబులో టార్చి పెట్టుకెళ్లండి, అమ్మేవాడు మొహం మాడ్చుకున్నా సరే లైట్లార్పమనండి.