కర్రపెండలం దుంపా, సగ్గుబియ్యమా?

రెండూ ఒకే మొక్కవి. సామర్లకోట, పెద్దాపురం వైపు పండే కర్రపెండలమే మిల్లుకెళ్లి సగ్గుబియ్యమవుతుంది. విషం తీసే పని మిల్లుదా, మీదా అన్నదే తేడా.

విషం: దుంపలో లినమరిన్ అనే పదార్థం ఉంటుంది. కోసినా నలిపినా అది విడిపోయి సయనైడ్ పుడుతుంది. సగ్గుబియ్యానికి దుంపను తురిమి, పాలు తీసి, తేర్చి, వేడిచేసి ఎండబెడతారు కాబట్టి ఆ భయం దాదాపు లేదు.

శ్రమ: సగ్గుబియ్యం నానబెడితే చాలు. దుంపకు ఓపిక కావాలి. పైపొరతో పాటు లోపలి మందపాటి తొక్కనూ ఒలిచేయాలి, విషం అక్కడే ఎక్కువ. చిన్న ముక్కలు చేసి, నిండా నీళ్లు పోసి, మూత పెట్టకుండా మెత్తగా ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. కుక్కర్లో చారెడు నీళ్లతో కానిచ్చేయడం నాకు నచ్చదు. ఉడికాక చేదు తగిలిందా, కూర ఎంత ఘుమఘుమలాడినా పారేయాల్సిందే. కరవు రోజుల్లో మొజాంబిక్‌లో విషం ఎక్కువుండే చేదు రకాన్ని సరిగా నానబెట్టకుండా తిన్న పల్లెల్లో కాళ్లు చచ్చుబడే కొంజో జబ్బు వచ్చింది.

నిల్వ: దుంప రెండు మూడు రోజులు. సగ్గుబియ్యం నెలలు.

పోషణ: సగ్గుబియ్యం ఉత్త పిండిపదార్థం. దుంపలో పీచు, కొంత విటమిన్ సి ఉంటాయి. మాంసకృత్తులు రెండింటా తక్కువే, పప్పో గుడ్డో తోడుండాలి.

ఉపవాసానికి, జ్వరం పడినవారికి, తీరిక లేని ఇంటికి సగ్గుబియ్యం. తినే రకమేదో తెలిసిన రైతు దగ్గర అప్పుడే తవ్వినది దొరికితే దుంప. ఏ రకమో తెలియని పెరటి మొక్కైతే దాని జోలికి పోకండి.