వ్యాసాలు దిద్దించుకోవడానికి డబ్బు కట్టబోయేవారికి హెచ్చరిక

అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులే మన ఇంగ్లీషు వ్యాసాన్ని ప్రతి వాక్యమూ చదివి దిద్దుతారనీ, ఏ తప్పు ఎందుకు తప్పో వివరిస్తారనీ ప్రకటించుకునే ఒక ఆన్‌లైన్ సేవతో నాకు ఎదురైన అనుభవం ఇది. రాత పరీక్ష దగ్గరపడుతోందని రుసుమంతా ముందే చెల్లించి వ్యాసాలు పంపాను. నిన్న వచ్చిన దిద్దుబాటు ప్రతిని వ్యాకరణ పుస్తకంతో పోల్చి చూసినప్పటి నుంచి నా కోపం చల్లారలేదు.

నేను సరిగ్గానే రాసిన ‘ఎ యూనివర్సిటీ’ని ఎర్రసిరాతో కొట్టేసి ‘ఎన్ యూనివర్సిటీ’ అని మార్చారు. ఆర్టికల్‌ను, అంటే పదం ముందు ‘ఎ’ రావాలా ‘ఎన్’ రావాలా అన్నదాన్ని, నిర్ణయించేది పదం మొదట్లో రాసే అక్షరం కాదు, పలికినప్పుడు వినిపించే ధ్వని. యూనివర్సిటీ ‘య’కార ధ్వనితో మొదలవుతుంది కాబట్టి ‘ఎ’ వస్తుంది. ‘అవర్’ రాసేటప్పుడు మొదట హెచ్ ఉన్నా అది పలకదు కాబట్టి ‘ఎన్’ వస్తుంది. ‘ఈచ్ ఆఫ్ ద స్టూడెంట్స్ హాజ్’ అన్న చోట, పక్కన బహువచనం కనిపించగానే కాబోలు, ‘హావ్’ చేశారు. అక్కడ కర్త ‘ఈచ్’, అది ఏకవచనం. పరీక్షలో రాయవలసింది ‘హాజ్’ అనే. పోనీ, నిజంగా దిద్దవలసినవైనా దిద్దారా అంటే అదీ లేదు. ‘గురించి చర్చించాం’ అనే మన అలవాటు కొద్దీ, అక్కర్లేని ‘అబౌట్’ చేరి వచ్చే ‘డిస్కస్డ్ అబౌట్’ అలాగే ఉంది. ‘సిన్స్ టూ ఇయర్స్’ కూడా అలాగే ఉంది. కాలవ్యవధి చెప్పేటప్పుడు ‘ఫర్’, మొదలైన సమయం చెప్పేటప్పుడు ‘సిన్స్’ వాడాలన్నది వ్యాసాలు దిద్దేవారు మొదట చూడవలసిన విషయం.

ఇంతవరకైతే పొరపాటు అనుకుని ఊరుకునేదాన్ని. ఆర్టికల్ ఎందుకు మార్చారో దయచేసి వివరించమని మర్యాదగానే సందేశం పంపాను. “నియమాలు చర్చించే తీరిక మాకు లేదు. మీకు అంత ఇంగ్లీషు వచ్చుంటే మా దగ్గరకు ఎందుకు వచ్చారు?” అని జవాబు వచ్చింది. కారణం చెబుతామన్న మాట నమ్మే కదా డబ్బు కట్టింది! నేర్చుకోవాలని వచ్చిన మనిషిని, ఆ మనిషికి ఇంకా రాని భాషను ఎత్తిచూపి కించపరచడం నన్ను డబ్బు పోయినదానికన్నా ఎక్కువ బాధపెట్టింది. రుసుము తిరిగి ఇవ్వమని అడిగిన వెంటనే నా ఖాతాను నిలిపివేశారు; పాత వ్యాసాలు కూడా ఇప్పుడు తెరుచుకోవడం లేదు.

నా చేతిలో పుస్తకం ఉంది కాబట్టి సరిచూసుకోగలిగాను. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవారు ఆ ఎర్రసిరాను నమ్మి, సరైనదాన్ని వదిలేసి తప్పునే బట్టీపడతారు. అలా పాతుకుపోయిన తప్పును మాన్పించడం కొత్తగా నేర్పడంకన్నా కష్టం.

ఎక్కడైనా సరే, డబ్బు కట్టేముందు పైన చెప్పినలాంటి తప్పులు రెండు మూడు కావాలనే పెట్టి, మధ్యలో సరైన వాక్యాలు కూడా కలిపి ఒక చిన్న పేరా ఇవ్వండి. దిద్దినదానికి కారణం రాతపూర్వకంగా అడగండి. దిద్దిన ప్రతులనూ, సందేశాలనూ, రసీదునూ వెంటనే మీ దగ్గర భద్రపరచుకోండి. ఖాతా ఆగిపోయాక అవి దొరకవు.