నాంపల్లి నుంచి కోఠి దాకా: గడియారం చూసుకుని తినాల్సిన పేట

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వచ్చే మా రాజమండ్రి వాళ్లు చాలామంది సికింద్రాబాద్‌లోనే దిగిపోతారు. నేనూ అంతే. దిగడం, మాదాపూర్ వెళ్లి ఏదో హోటల్లో పడటం, మధ్యాహ్నం భోంచేసి క్యాబ్ ఎక్కి "పాతబస్తీ వైపు తిండి" కోసం బయల్దేరడం. గంటకు పైగా ట్రాఫిక్‌లో కూర్చుని నాలుగింటికి చేరితే, పొద్దుటివి అయిపోయి ఉంటాయి, సాయంత్రానివి ఇంకా మొదలై ఉండవు. రెండుసార్లు ఇలాగే అయ్యాక, ఈసారి నవంబరులో రైలు ఆఖరి స్టేషన్ దాకా వెళ్లి నాంపల్లిలోనే దిగాను. వెంట మా బావగారు. ఆయన మాంసం ముట్టరు, షుగరు ఉంది. "స్వీట్ల జోలికి పోనివ్వకు" అని అక్క నాకు మరీమరీ చెప్పి పంపింది.

బస స్టేషన్‌కి నడక దూరంలో ఉన్న ఒక పాత లాడ్జి. రోజుకి 1,800, వచ్చిన గంట నుంచి 24 గంటల లెక్క. పొద్దున్నే రైలు దిగేవాళ్లకి ఈ పద్ధతి చాలా నయం. పెద్ద హోటళ్లలో అయితే పన్నెండింటి దాకా లాబీలో బ్యాగులు కాచుకుంటూ కూర్చోవాలి. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది దాకా మాత్రమే, అదీ బకెట్టుతో తెచ్చిస్తారు. కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ. కౌంటర్ దగ్గరి కుర్రాడు మాత్రం బంగారం. ఎక్కడ ఏ టైముకి ఏం తినాలో అడగ్గానే గడగడా చెప్పాడు. మూడు రోజులూ వాడి టైమ్‌టేబులే మాకు గైడు. దాన్ని పక్కన పెట్టింది ఒక్కసారే, అనుభవించాను, చెబుతాను.

మొదటి పొద్దున బ్యాగులు పడేసి, వెనక సందులోని చిన్న హోటల్లో పాయా, నాన్‌రొట్టె తిన్నాను. మేక కాళ్ల పులుసు రాత్రంతా ఉడికితే వచ్చే జిగురు పెదాలకి అంటుకుంటుంది. ఎనిమిది దాటితే గిన్నె అడుక్కి వస్తుందట. బావగారు నా పళ్లెం వైపు చూడకుండా మొహం వీధి వైపు తిప్పుకుని ఇరానీ చాయ్ తాగారు. ఈ చాయ్‌కి డికాషన్ ఒక పాత్రలో మూత బిగించి గంటలకొద్దీ మరిగిస్తారు, పాలు వేరే పొయ్యి మీద చిక్కబడతాయి. రెండూ కలిసేది కప్పులోనే. "ఇది టీ కాదయ్యా, పాయసం" అన్నారాయన. చక్కెర తగ్గించమంటే ఎలా తగ్గిస్తారు, ముందే కలిపేసి ఉంటుంది. అక్క ఆంక్షలకి మొదటి గండి అక్కడే పడింది.

బేగంబజార్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రెండో నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం ఈ స్థలాన్ని వర్తకులకి ఇచ్చిందని, అందుకే ఆ పేరని అంటారు. ఇప్పుడు అక్కడ స్టీలు సామాను, డ్రైఫ్రూట్లు, మసాలా దినుసులు, అన్నీ హోల్‌సేల్. దుకాణాలు పదిన్నర దాటితే గానీ తెరవరు. పన్నెండు దాటితే తోపుడు బళ్లు, ఆటో ట్రాలీలతో నడవడానికే సందుండదు. కాబట్టి పదకొండింటికి వెళ్లి, కొనాల్సినవి కొనేసి, పన్నెండున్నరకల్లా భోజనానికి కూర్చోవాలి. మేం ఒక మార్వాడీ భోజనాలయం మేడ మెట్లెక్కాం. బోర్డు కూడా సరిగా లేదు. శనగపిండి ముక్కలతో చేసే గట్టే కూర, పప్పు, చేతి మందాన నెయ్యి రాసిన పుల్కాలు. వడ్డించే పెద్దాయన ఇక చాలు అన్నా వినడు. అరచెయ్యి పళ్లెం మీద అడ్డం పెట్టాల్సిందే, అప్పుడు కూడా వేళ్ల సందులోంచి ఒక పుల్కా జారవిడుస్తాడు. మన ఊళ్లో పెళ్లి బంతిలో కూర్చున్నట్టే ఉంది. పక్క బల్ల మీద ఇద్దరు గుమాస్తాలు ఖాతా పుస్తకం తెరిచి పెట్టుకునే తింటున్నారు. శాకాహారులకి ఈ చుట్టుపక్కల ఇంతకన్నా మంచి భోజనం నాకు దొరకలేదు. వాష్‌బేసిన్ దగ్గర మాత్రం కళ్లు మూసుకోవాలి.

ఇక నేను చేసిన తప్పు. ఆ భోజనం అరగకముందే, ఫోన్లో బోలెడు చుక్కలున్న ఒక బిర్యానీ హోటల్‌కి సాయంత్రం నాలుగింటికి వెళ్లాను. "నాలుగింటికి బిర్యానీ వద్దన్నా" అని లాడ్జి కుర్రాడు చెప్పే పంపాడు. దమ్ము పెట్టిన దేగ్ మధ్యాహ్నం మూత తీసినప్పుడు ఉండే బిర్యానీ వేరు, నాలుగింటికి అడుగున మిగిలే బిర్యానీ వేరు. నాకు వచ్చింది చల్లారిన అన్నం, పీచు తేలిన ముక్క. వెయిటర్ని అడిగితే "గరమ్ హీ హై సాబ్" అని వెళ్లిపోయాడు. బావగారు వాళ్లిచ్చిన మిర్చీకా సాలన్ వాసన చూసి, "వంకాయ వేసి చేస్తే బాగుండేది" అన్నారు. ఆ పూట హోటల్ మీద కోపం వచ్చింది గానీ, తప్పులో సగం నాది.

కోఠికి సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి. మెట్రో అయితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో గానీ, ఆకుపచ్చ లైన్లో సుల్తాన్‌బజార్ స్టేషన్‌లో గానీ దిగొచ్చు. నాంపల్లి నుంచి మొదటిదానికి రెండో స్టేషనే. స్టేషన్‌లో టాయిలెట్లు ఉన్నాయి, వాడుకుని బయటికి రండి, ఆ తర్వాత ఎక్కడా దొరకవు. సుల్తాన్‌బజార్ ఒకప్పటి రెసిడెన్సీ బజార్. నిజాం కొలువులో బ్రిటిష్ వాళ్ల ప్రతినిధి అయిన రెసిడెంటు బంగళా చుట్టూ పెరిగిన పేట, అక్కడ చెల్లింది నిజాం అధికారం కాదు, రెసిడెన్సీదే. ఆ నీడలోనే గుజరాతీ, మార్వాడీ వర్తకులు స్థిరపడ్డారు. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఇప్పుడున్నదీ ఈ సుల్తాన్‌బజార్‌లోనే. 1907 నాటి మరాఠీవాళ్ల వివేకవర్ధిని విద్యాసంస్థ ఉన్నదీ దగ్గర్లోనే. ఇన్ని భాషలవాళ్లు సాయంత్రం అయ్యేసరికి ఒకే చోట నిలబడి చాట్ తింటారు. ఆ చోటు గోకుల్ చాట్. 2007 ఆగస్టు 25న ఇక్కడే బాంబు పేలింది. ఆ సంగతి గుర్తొచ్చి మేం కాసేపు మాట్లాడుకోలేదు. కూర్చునే వీలు లేదు, ప్లేటు చేత్తో పట్టుకుని జనంలోనే తినాలి. దహీపూరీ నాకు మరీ తియ్యగా అనిపించింది, కట్లెట్ మాత్రం ఇంకో ప్లేటు తీసుకున్నాను.

మర్నాడు నాలుగింటికి అలారం. మొజంజాహీ మార్కెట్ దగ్గరి రామ్ కీ బండీ అనే దోసెల బండి తెల్లవారకముందే మొదలై, ఎండెక్కేలోపు సర్దేస్తుంది. కానీ లాడ్జి షట్టర్ రాత్రి పదకొండింటికి దించేస్తారని మాకు తెలియదు. వాచ్‌మన్ మెట్ల కింద గురకపెడుతున్నాడు. లేపితే తాళంచెవి దొరకడానికి పావుగంట, షట్టర్ చప్పుడుకి పై అంతస్తు నుంచి ఎవరివో తిట్లు. మీరు దిగే చోట ఈ ఒక్క ప్రశ్న ముందే అడిగి పెట్టుకోండి. బండి దగ్గర అప్పటికే యాభై మంది. రాత్రి డ్యూటీ దిగినవాళ్లు, కాలేజీ పిల్లలు, ఒక పెళ్లివారి బస్సు. దోసె మీద ఉప్మా, ఉల్లిపాయ, కారప్పొడి, గరిటెడు వెన్న. పెసరట్టు-ఉప్మా తిని పెరిగిన మాకు వరస కలిసినట్టే ఉంది గానీ, అల్లం పచ్చడి లేని లోటు లోటే. బావగారు "ఇంత వెన్నలో చెప్పు వేయించినా బాగుంటుంది" అంటూనే రెండోది చెప్పారు. నేను ఇది ఒకసారికి సరే అంటాను. దోసె కోసం అయితే కాదు, ఆ వేళప్పుడు ఆ కూడలి చూడటానికి.

మార్కెట్ 1935 నాటిది, ఏడో నిజాం రెండో కొడుకు మొజం జా పేరు మీద కట్టింది. ఈమధ్యే బాగుచేశారు, గడియార స్తంభం, రాతి కమానులు కళకళ్లాడుతున్నాయి. రాత్రి భోజనం తర్వాత ఇక్కడ ఫేమస్ ఐస్‌క్రీమ్‌లో ఆరుబయట బల్లల దగ్గర కూర్చోవాలి. సీతాఫలం కాలం వెళ్లిపోతోంది, ఇంకా ఉంది. గుజ్జు నోటికి తగులుతుంది, ఒకటి రెండు గింజలు కూడా. మాటవరసకి చెబుతున్నాను, రెండు కప్పుల్లో ఒకటి నాదే.

ఇంటికి పట్టుకెళ్లేవి మూడు. కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు, దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన కుటుంబం 1953లో ఇక్కడే పెట్టిన కొట్టు అది. సుభాన్ బేకరీ ఉస్మానియా బిస్కెట్లు, సాయంత్రం వేడివేడిగా వచ్చినప్పుడు కొంటేనే. హమీదీ మిఠాయి కొట్టులో జౌజీ హల్వా. మొలకెత్తిన గోధుమల పిండి, పాలు, నెయ్యి, కుంకుమపువ్వు గంటల తరబడి కలిపి చేస్తారు. ముద్దగా, ముదురు గోధుమ రంగులో, చూడటానికి ఏమంత ఉండదు. మూడింట్లో నా ఓటు దీనికే. అరకిలో కట్టించి, అక్కకని బ్యాగు అడుగున పెట్టాను.

ఆదివారం సాయంత్రం బండెక్కాం. కాజీపేట దాటుతుండగా నేను టీ తాగొచ్చేసరికి హల్వా పొట్లం పై బెర్తు మీద తెరిచి ఉంది, ఒక మూల గుంట పడింది. అప్పుడే అక్క ఫోన్. బావగారు నోట్లో ఉన్నది మింగలేక, ఫోన్ నా చేతిలో పెట్టేశారు.