శాటిలైట్ ఇంటర్నెట్‌కి డబ్బు కట్టేముందు పింగ్ చూడండి: చిత్తూరు, తిరుపతి పల్లెల వాళ్లకి హెచ్చరిక

ఫైబర్ కేబుల్ ఇంకా రాని తోటల్లో, కొండ పక్క ఊళ్లల్లో ఇల్లున్నవాళ్లందరికీ ఈ మాట చేరాలి. శాటిలైట్ ఇంటర్నెట్ ఇస్తామంటూ మన వైపు డీలర్లు తిరుగుతున్నారు. పేపర్లో, టీవీలో వచ్చిన కొత్త సర్వీసు గురించి గంటసేపు చెబుతారు. తీరా బిగించేది మాత్రం పాత రకం. రెండూ శాటిలైట్లే, రెండూ ఆకాశం నుంచి వచ్చేవే. కానీ వాడకంలో నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఆ తేడా పింగ్‌లో తెలుస్తుంది, అంటే మనం పంపింది అవతలికి వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం.

మా ఇల్లు ఐరాల మండలంలో ఒక మామిడి తోటలో ఉంది. ఫైబర్ ఊరి రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. ఒక్క ఇంటి కోసం స్తంభాలు వేయలేమని కేబుల్ ఆయన మొదటే చెప్పేశాడు. ఫోన్ సిగ్నల్ మిద్దె మీదికెక్కితే ఒక గీత, ఇంట్లోకొస్తే అదీ ఉండదు. నేను బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను, మా పాపకి సాయంత్రం ఆన్‌లైన్ ట్యూషన్. ఇలాంటి ఇళ్లు ఎక్కడెక్కడున్నాయో ఈ డీలర్లకి బాగా తెలుసు. రాకెట్ బొమ్మ ఉన్న కరపత్రం పట్టుకుని వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

మా ఇంటికొచ్చినాయన చెప్పిన మాట ఇది: "ఏం ఆలోచించొద్దు సార్, మన షార్ నుంచి పోయిన శాటిలైట్లే. కొత్త టెక్నాలజీ, కింద తిరిగేవి. టౌన్లో ఫైబర్ ఎట్లుందో ఇక్కడా అట్లే ఉంటుంది." ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే నమ్మకం కుదురుతుంది. షార్, అంటే శ్రీహరికోట నుంచి 2022 అక్టోబర్‌లో 36, 2023 మార్చిలో మరో 36 వన్‌వెబ్ అనే కంపెనీ ఇంటర్నెట్ శాటిలైట్లు ఎల్‌వీఎం3 రాకెట్ మీద వెళ్లాయి. అవి సుమారు 1,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. స్టార్‌లింక్ కంపెనీవి ఇంకా కింద, 550 కిలోమీటర్ల దగ్గర, కొన్ని అంతకంటే కిందే. స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో టెలికం శాఖ లైసెన్స్ ఇచ్చింది, జూలైలో అంతరిక్ష రంగానికి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ అనుమతి వచ్చింది. ఈ వార్తలన్నీ మన చెవిన పడ్డవే. డీలర్ ఆ వార్తల్ని చూపించి వేరే సరుకు అమ్ముతాడు.

మాకు బిగించింది భూస్థిర కక్ష్యలో ఉండే శాటిలైట్ కనెక్షన్. అది భూమధ్యరేఖకి పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి మనకి ఒకేచోట నిలబడినట్టు ఉంటుంది. మన ఇంటి నుంచి సిగ్నల్ అంత దూరం పైకెక్కి, మళ్లీ కిందికి దిగి హబ్‌కి, అంటే నేల మీద కంపెనీ పెట్టుకున్న కేంద్రానికి చేరాలి. జవాబు కూడా అదే దారిలో రావాలి. కాంతి వేగంతో పోయినా పోను పావు సెకను, రాను పావు సెకను. మధ్యలో ఉన్న పరికరాలు తీసుకునే సమయం కలిపితే పింగ్ 600 మిల్లీసెకన్లు దాటుతుంది. ఏ మోడెమ్ మార్చినా, ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా ఇది తగ్గదు, ఎందుకంటే దూరం తగ్గదు. కింద తిరిగే శాటిలైట్లయితే పింగ్ సాధారణంగా 25 నుంచి 60 మధ్య ఉంటుంది.

డీలర్ ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి చూపించేది డౌన్‌లోడ్ అంకె ఒక్కటే. అది పెద్దగానే వస్తుంది, అందులో మోసం లేదు. సినిమా పెడితే కాసేపు ఆగి, తర్వాత బాగానే ఆడుతుంది. ఆ డౌన్‌లోడ్ అంకె పక్కనే చిన్న అక్షరాల్లో పింగ్ ఉంటుంది. దాని గురించి ఆయన నోరెత్తడు.

ఆ పింగ్ ఇంట్లో ఏం చేస్తుందో చెబుతాను. ట్యూషన్‌లో మేడం లెక్క అడుగుతారు. పాపకి జవాబు తెలుసు, వెంటనే చెబుతుంది. అది అక్కడికి చేరేలోపే ఆమె "ఏంటమ్మా, రాలేదా?" అని ఇంకోసారి అడిగేస్తారు. ఆ ప్రశ్న ఇక్కడ వినపడేసరికి పాప జవాబు మధ్యలో ఉంటుంది, తడబడి ఆగిపోతుంది. ఆగిపోయిందని మేడం ఇంకో పిల్లని పిలుస్తారు. కొన్నాళ్లకి పాప మైక్ ఆపేసుకుని జవాబులు టైప్ చేయడం మొదలుపెట్టింది. గలగలా మాట్లాడే పిల్ల క్లాసులో నోరు మెదపకుండా కూర్చోవడం చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆఫీసు పనికి వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా వెళ్లే దారి) వాడేవాళ్లు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. ఈ ఎత్తైన శాటిలైట్ కనెక్షన్లలో వెబ్ పేజీలు తొందరగా తెరుచుకోవడానికి మోడెమ్‌లో, హబ్‌లో ఒక ఏర్పాటు ఉంటుంది. అవతలి సర్వర్ నుంచి "అందింది" అనే సమాచారం రాకముందే ఇక్కడి మోడెమే ఆ సమాధానం ఇచ్చేసి పని ముందుకు నడిపిస్తుంది. వీపీఎన్ పెట్టగానే డేటా అంతా మూసిన కవరులోకి పోతుంది, మోడెమ్‌కి లోపల ఏముందో కనపడదు, ఆ ఏర్పాటు పనిచేయదు. అందుకే మామూలుగా ఫర్వాలేదనిపించిన స్పీడు, ఆఫీసు లాగిన్ అవ్వగానే చచ్చిపోతుంది. ఆఫీసు కంప్యూటర్‌ని ఇంటి నుంచే నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌లో ఒక అక్షరం కొడితే అది తెర మీద పడేదాకా ఎదురుచూడాలి. ఉద్యోగం ఏమవుతుందో అని రోజూ టెన్షన్. ఈ సంగతి డీలర్‌ని అడిగితే "మీ ఆఫీసు సర్వర్ స్లో సార్" అన్నాడు.

డిష్ బిగించడానికి వచ్చిన కుర్రాడే నిజం చెప్పాడు. పైపు నిలబెట్టి, కోణం సరిచేస్తూ, "ఇది పైనుండే శాటిలైటే అన్నా, పేపర్లో వచ్చే కిందిది కాదు" అన్నాడు. అప్పటికే పూర్తి డబ్బు తీసేసుకున్నారు. బిగించేటప్పుడు చూసి గుర్తుపట్టే ఉపాయం కూడా ఉంది. మన జిల్లాలు భూమధ్యరేఖకి ఉత్తరాన 13 డిగ్రీల దగ్గరే ఉన్నాయి కాబట్టి, మన దేశం మీద సర్వీసు ఇచ్చే ఎత్తైన శాటిలైట్ల వైపు పెట్టిన డిష్ దక్షిణం వైపుకి, శాటిలైట్‌ని బట్టి నైరుతికో ఆగ్నేయానికో తిరిగి బాగా పైకి చూస్తుంది. ఒకసారి గురి కుదిరాక బోల్టులు బిగించేస్తారు, ఇక కదలకూడదు. కింద తిరిగేవి గంటన్నర, రెండు గంటలకి భూమిని ఒక చుట్టు చుట్టేస్తాయి, ఒకటి దాటిపోగానే ఇంకోటి అందుకోవాలి. వాటికి ఇళ్లల్లో పెట్టేది సాధారణంగా బల్లపరుపు పలక. గిన్నె లాంటి డిష్ తెచ్చి ఒకే దిక్కుకి గురి పెడుతున్నారంటే అక్కడే ఆపి అడగండి.

కదలకూడని ఆ డిష్ మన మిద్దెల మీద కదలకుండా ఉండటమూ కష్టమే. మా వైపు కోతులు ఎక్కువ. పైపు పట్టుకుని ఊగితే చాలు, గురి కొంచెం తప్పినా సిగ్నల్ పోతుంది. మళ్లీ సరిచేయడానికి మనిషి రావాలి. వారంటీలో రాదని విజిట్ చార్జీ వేశారు.

వాన సంగతి వేరే చెప్పాలి. మనకి గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలకి. ఈ కనెక్షన్లు వాడే Ku, Ka అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్ల సిగ్నల్‌ని వాన చినుకులు మింగేస్తాయి. తుంపరకి ఏం కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి కుండపోత పడితే మాత్రం లైన్ పోతుంది. వాన తగ్గాక తనంతట తనే వస్తుంది, దానికి కంప్లైంట్ ఇచ్చి లాభం లేదు. మార్చి మధ్యలోనూ, సెప్టెంబర్ చివర-అక్టోబర్ మొదట్లోనూ కొన్ని రోజుల పాటు సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వచ్చి పగటిపూట కొద్ది నిమిషాలు సిగ్నల్ పోతుంది. అది చిన్న విషయం, ముందే తెలిస్తే చాలు.

డబ్బు దగ్గరికి వద్దాం. నెల చార్జీ అని నోటితో చెప్పిన దానిలో 18 శాతం జీఎస్టీ లేదు. అన్‌లిమిటెడ్ అన్నదానికి ఒక హద్దు ఉంది, అది దాటగానే స్పీడు పడిపోతుంది. కంప్యూటర్ అప్‌డేట్లు, ఫోన్ ఫొటోల బ్యాకప్ మనకి తెలియకుండానే ఆ హద్దు దగ్గరికి తీసుకుపోతాయి. మధ్యలో మానేస్తే సామాన్ల డబ్బు వెనక్కి రాదని ఫారం వెనకవైపు ఉంది, ఆ ఫారం కాపీ మా చేతికి ఇచ్చింది బిగించిన తర్వాతే. అడ్వాన్సు కంపెనీ ఖాతాకి కాకుండా డీలర్ సొంత యూపీఐ నంబరుకి అడిగాడు. ఇవన్నీ ఒక ఎత్తు. "కొన్నాళ్లు ఓపిక పట్టండి సార్, ఇదే డిష్‌ని కొత్త శాటిలైట్‌కి మార్చేస్తాం" అన్నమాట ఒక ఎత్తు. అది జరిగే పని కాదు. దానికి యాంటెన్నా వేరు, మోడెమ్ వేరు, లైసెన్సు ఉన్న కంపెనీ వేరు.

ఈ రకం కనెక్షన్ ఎవరికీ పనికిరాదని నేను అనను. ఏ టవరూ అందని చోట ఏటీఎంలు, పెట్రోల్ బంకులు దీనిమీదే నడుస్తాయి. మెయిల్, యూపీఐ, వార్తలు, వీడియోలు చూడటం వరకు అయితే నడిచిపోతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మితే కావలసినవాళ్లు కొనుక్కుంటారు. ఒకటి చూపించి ఇంకోటి అంటగట్టడం మీదే నా కోపమంతా.

కొనాలనుకునేవాళ్లు డీలర్‌ని ఒక్క ప్రశ్నతో నిలదీయండి: శాటిలైట్ ఎన్ని కిలోమీటర్ల ఎత్తులో ఉంది? దాటవేస్తే, ఇప్పటికే కనెక్షన్ తీసుకున్న ఒక ఇంటికి తీసుకెళ్లమనండి. అక్కడ మీ ఫోన్‌లో మీరే టెస్ట్ పెట్టి పింగ్ చూడండి, ఒక వీడియో కాల్ చేసి మాట్లాడి చూడండి. కొత్త సర్వీసు పేరు చెబితే ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో మీ ఊరికి ఇస్తున్నారో లేదో చూసుకోండి. లైసెన్సు రావడం వేరు, మన ఇంటికి కనెక్షన్ ఇవ్వడం వేరు. ప్రీ-బుకింగ్ అని వ్యక్తుల ఖాతాలకి పైసా కూడా పంపొద్దు. అలా పంపి మోసపోయినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

దానికంటే ముందు చూడాల్సిన దారులు కూడా ఉన్నాయి. ప్రభుత్వ తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ చుట్టుపక్కల ఏ కంపెనీ టవర్ ఎక్కడుందో కనపడుతుంది. మిద్దె మీద సిగ్నల్ ఒక గీత వచ్చినా సరే, ట్యాంకు పక్కన పొడవాటి పైపు మీద బయటి యాంటెన్నా పెట్టి, దాన్ని టవర్ వైపు తిప్పి, సిమ్ రౌటర్‌కి కలిపితే పని అవుతుంది. మేమిప్పుడు దానిమీదే ఉన్నాం. ఖర్చు డిష్‌తో పోలిస్తే చాలా తక్కువ. స్పీడు గొప్పగా ఏం రాదు కానీ మాట మాటకి అందుతోంది, పాప మళ్లీ మైక్ ఆన్ చేసి మాట్లాడుతోంది. ఏపీ ఫైబర్‌నెట్, బీఎస్‌ఎన్‌ఎల్ లైన్లు వేసే స్థానిక ఆపరేటర్లని కూడా, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కలిసి వెళ్లి అడగండి. ఒక్క ఇంటికి వేయనివాళ్లు నాలుగిళ్లకి ఆలోచిస్తారు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోండి, తేలకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీకి రాయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. డీలర్ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. టెలికం విషయాలు కమిషన్‌కి పోవని ఎవరైనా బెదిరిస్తే, పోతాయని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చిందని చెప్పండి. నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. అందులో నాకు అక్కరకొస్తున్నది కరపత్రం, వాట్సాప్ మెసేజ్‌లు, పింగ్ స్క్రీన్‌షాట్లు.

అడ్వాన్సు కట్టి డిష్ ఇంకా బిగించని వాళ్లు ఈ రోజే డీలర్‌కి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి: "పింగ్ 100 లోపు రాకపోతే మొత్తం డబ్బు వాపసు ఇస్తారా?" ఇస్తామని రాస్తే దాచుకోండి. రాయకుండా ఫోన్ చేసి మాట్లాడదామంటే, పైపు నిలబెట్టనివ్వకండి.