వంటింటి సింక్‌కు బాటిల్ ట్రాప్: కొనవచ్చు, ఒక్క లోపం ఉంది

నల్లగొండ గడియారం సెంటర్ సమీపంలోని ఒక శానిటరీ దుకాణంలో కొన్న ఈ ప్లాస్టిక్ బాటిల్ ట్రాప్‌ను (సింక్ కింద, నీరు బయటికి పోయే దారిలో బిగించే సీసా ఆకారపు భాగం), ప్లంబర్‌ను పిలవకుండా మా వంటింటి సింక్‌కు నేనే బిగించాను. చాలా ఇళ్లలో కనిపించే మడతల గొట్టం గాడుల్లో జిడ్డు, మెతుకులు పేరుకుంటాయి. ఇందులోనైతే అడుగు గిన్నెను చేత్తో విప్పి కడిగి మళ్లీ బిగించుకోవచ్చు కాబట్టి, నిత్యం గంజి, కూరల జిడ్డు పడే సింక్‌కు ఇదే మేలని నా గట్టి అభిప్రాయం. గిన్నెలో ఎప్పుడూ నిలిచి ఉండే నీరు మోరీ వాసనను ఇంట్లోకి రానివ్వదు.

దుకాణదారు ముందుగా సింక్ కప్లింగ్ (సింక్ అడుగు రంధ్రానికి బిగించే భాగం) కొలత అడిగి, 40 మి.మీ. ట్రాప్ ఇచ్చి, రబ్బరు వాషర్ చదునైన వైపు నట్‌కు, వాలుగా ఉన్న వైపు కీలు లోపలికి ఉండాలని ఓపికగా చూపించారు. చేతి బిగువే చాలు. పానా వేస్తే ప్లాస్టిక్ మర చిట్లే ప్రమాదం ఉంది. బిగించాక సింక్ నింపి ఒక్కసారిగా వదిలి, కీళ్ల చుట్టూ పొడి కాగితం చుట్టి చూస్తే చిన్న చెమ్మ కూడా తెలిసిపోతుంది.

గోడలోని గొట్టం దగ్గర సందును మూసే రబ్బరు మాత్రం పెట్టెలో లేదు, విడిగా కొనవలసి వచ్చింది. తయారీదారు దీన్ని తప్పక సరిదిద్దాలి. బోరు నీటి సున్నం మరలకు పట్టకుండా గిన్నెను అప్పుడప్పుడు విప్పి కడగండి.