చిన్న బంగారు నాణేలు కొంటున్నారా? ‘5 శాతం ప్రీమియం’ వెనక ఉన్న లెక్క చూసుకోండి

ఔన్సులో పదోవంతు (బంగారం తూకంలో ఔన్సు అంటే 31.1 గ్రాములు) ఉండే క్రూగర్‌రాండ్ అనే దక్షిణాఫ్రికా బంగారు నాణేలు ఆరు కొన్నాను. మార్కెట్ ధర మీద 5 శాతం ప్రీమియం మాత్రమే అన్న ప్రకటన చూసి ఆశపడ్డాను. తీరా లెక్క తేలేసరికి నేను కట్టింది దాదాపు 18 శాతం అదనం. చిన్న నాణేలు కొనాలనుకునేవారు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి.

నాణేలు చేతికి రాగానే ఒకదాన్ని చిన్న డిజిటల్ త్రాసు మీద పెట్టాను. 3.39 గ్రాములు చూపించింది. బిల్లులోనూ అంతే ఉంది. అడ్డంగా కొలిస్తే 16.5 మిల్లీమీటర్లు, అదీ సరిపోయింది. నాణెం అసలైనదే కాబట్టి నాకు ఏ అనుమానమూ రాలేదు. కానీ క్రూగర్‌రాండ్ 22 క్యారెట్ల నాణెం. ఆ 3.39 గ్రాముల్లో మేలిమి బంగారం 3.11 గ్రాములే, మిగతాది రాగి. దానికి ఉండే ఎర్రని ఛాయ ఆ రాగి వల్ల వచ్చిందే. అమ్మినవారు మొత్తం బరువును 24 క్యారెట్ల ధరతో హెచ్చవేశారు. అంటే రాగిని కూడా మేలిమి బంగారం ధరకే నాకు అంటగట్టారు. 9 శాతం అక్కడే పోయింది. అలా పెంచిన మొత్తం మీద 5 శాతం ప్రీమియం, దాని మీద కార్డుతో కట్టినందుకు 3 శాతం. రవాణా, బీమా ఖర్చులు ఇందులో కలపనే లేదు.

ఈ సంగతి నాకు చెప్పింది మరో వ్యాపారి. ఒక నాణెం అమ్మితే ఎంత వస్తుందని అడిగితే, ఆయన మేలిమి బరువుకు లెక్కకట్టి అందులోంచి 3 శాతం తగ్గించి చెప్పాడు. ఆ ధరకు ఇచ్చేస్తే నేను పెట్టిన ప్రతి 100లో 82 తిరిగి వస్తాయి. అసలు దక్కాలంటేనే బంగారం ధర 21 శాతానికి పైగా పెరగాలి.

చిన్న నాణేనికి ప్రీమియం ఎక్కువగా ఉండటం అన్యాయమేమీ కాదు. అచ్చు వేసే ఖర్చు బంగారంతో పాటు పదో వంతుకు తగ్గదు కదా. నా కోపమంతా దాన్ని దాచిపెట్టి 5 అని చెప్పినందుకే.

అందుకే ప్రకటనలోని శాతాన్ని పట్టించుకోకండి. చివరికి మీ చేతి నుంచి పోయే మొత్తాన్ని, అన్ని ఖర్చులూ కలిపి, నాణెంలోని మేలిమి గ్రాములతో భాగించండి. ఔన్సులో పదోవంతు ఉండే కెనడా మేపుల్ లీఫ్, ఆస్ట్రియా వియన్నా ఫిల్‌హార్మోనిక్ నాణేల్లో ఈ తికమక లేదు. అవి దాదాపు పూర్తి మేలిమి, బరువు కూడా 3.11 గ్రాములే. పాత బ్రిటిష్ సావరిన్ బరువు 7.99 గ్రాములు, అందులో మేలిమి 7.32. ఫ్రెంచి 20 ఫ్రాంకుల నాణెం 6.45 గ్రాములు, మేలిమి 5.81. ఈ రెండూ కొంచెం పెద్దవే అయినా, విరివిగా దొరుకుతాయి కాబట్టి గ్రాముకు పడే ప్రీమియం సాధారణంగా పదోవంతు నాణేల కంటే తక్కువ. ఈ లెక్క ముందే వేసి ఉంటే నేను ఆరు చిన్న నాణేల బదులు రెండు సావరిన్‌లు కొని ఉండేవాణ్ని.

పెట్టె, ధ్రువపత్రం, ‘పరిమిత ముద్రణ’ అన్న మాటలకు అదనంగా చెల్లించేముందు అదే అమ్మకందారును ఒక ప్రశ్న అడగండి: ఇదే నాణెం ఈరోజు మీకే తెచ్చిస్తే ఎంత ఇస్తారు? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నేను అడగలేదు. ఇక మార్కెట్ ధర కంటే తక్కువకే ఇస్తామనేవారి జోలికి అసలు వెళ్లకండి. బంగారు పూత పూసిన నకిలీలు చాలా తిరుగుతున్నాయి. బరువు, వ్యాసం, మందం మూడూ కలిపి చూడాలి. అయినా పూత కింద టంగ్‌స్టన్ అనే లోహం ఉంటే తేల్చడం కష్టం: దాని సాంద్రత మేలిమి బంగారానికి చాలా దగ్గర, పైగా దాన్నీ అయస్కాంతంతో పట్టుకోలేం.

ఇలాంటి నాణేలు ఈమధ్యే కొన్నవారు ఇప్పుడే బిల్లు తీసి చూడండి. 22 క్యారెట్ల నాణెం పక్కన 3.39 గ్రాములు, దానికి 24 క్యారెట్ల ధర కనిపిస్తే, తిరిగి పంపే గడువు ఎంత మిగిలిందో వెంటనే లెక్కపెట్టుకోండి. నాకు ఇచ్చిన గడువు 14 రోజులు. నాకు ఈ లెక్క చెప్పిన వ్యాపారి దగ్గరకు నేను వెళ్లింది ఇరవయ్యో రోజున.